నివురు గప్పిన నిప్పు: పిల్లల కీళ్ళవాతంలో రక్తపరీక్షలు చెప్పేవి, చెప్పనివి

వాతమన్నా, కీళ్ళనొప్పులన్నా మన మనస్సులో మెదిలేది వార్ధక్యం. చేతికర్ర, గోరువెచ్చని ఆముదం, ఉప్పు కాపడం ఇవన్నీ తాతగారి గదికి చెందిన సామగ్రి. కనుకనే రెండేళ్ళ పాప ఉదయం నిద్రలేచి కుంటితే "ఎక్కడో పడి ఉంటుంది" అనుకొంటాం. పదేళ్ళ బాబు మడమ నొప్పి అంటే "ఎదిగే వయస్సు కదా" అని సరిపెట్టుకొంటాం. చాలాసార్లు మన ఊహ నిజమే అవుతుంది కూడా. అయితే బ్రిటన్‌లో తీసిన లెక్కల ప్రకారం దాదాపు వేయిమంది పిల్లలలో ఒకరికి అసలైన కీళ్ళవాతం ఉంటుంది. మన తెలుగు సభలకు తరలివచ్చే కుటుంబాల సంఖ్య తలచుకొంటే, ఈ సంచిక చేరే ఇళ్ళలో ఏదో ఒక ఇంట ఈ సమస్య ఉండే ఉంటుందని చెప్పడానికి జ్యోతిషం అక్కరలేదు.

అటువంటి ఇంట తల్లిదండ్రులకు కొద్ది వారాలలోనే ఒక కొత్త భాష ఎదురవుతుంది. ఇ.ఎస్.ఆర్., సి.ఆర్.పి., ఎ.ఎన్.ఎ., ఫెరిటిన్ అంటూ కాగితం నిండా పొడి అక్షరాలు, వాటి ప్రక్కన అంకెలు, కొన్ని అంకెల ప్రక్కన హెచ్చరిక గుర్తులు. ఈ రోజులలో ఆ ఫలితాలు తరచు వైద్యుని మాటకంటె ముందే తల్లిదండ్రుల చేతిలోని ఫోనుకు చేరుతున్నాయి. ఒక అంకె పెరిగిందని రాత్రంతా నిద్ర మానుకొనేవారు కొందరు. అంకెలన్నీ బాగున్నాయి కదా అని మందు మానిపించేవారు మరికొందరు. మొదటివారికి మిగిలేది మనస్తాపం. రెండవవారి విషయంలో నష్టపోయేది బిడ్డ. ఈ రెండు పొరపాట్లనూ నివారించడానికి కావలసినంత పరిజ్ఞానం అందించడమే ఈ వ్యాసం ఉద్దేశం. చికిత్స నిర్ణయం మాత్రం ఎప్పుడూ వైద్యునిదేనని మనవి.

వ్యాధి పరిచయం

1897లో లండను నగరంలోని గ్రేట్ ఆర్మండ్ స్ట్రీట్ పిల్లల ఆసుపత్రికి చెందిన జార్జి ఫ్రెడరిక్ స్టిల్ అనే యువ వైద్యుడు, కీళ్ళ వ్యాధితో బాధపడుతున్న 22 మంది పిల్లల వృత్తాంతాలను ప్రకటించాడు. వారిలో కొందరికి కీళ్ళ వాపుతోపాటు జ్వరం, లింఫు గ్రంథుల వాపు, ప్లీహం పెరగడం కూడా ఆయన గమనించాడు. ఇది పెద్దలకు వచ్చే వాతం పిల్లలకు సోకడం కాదనీ, వేరొక వ్యాధి అనీ ఆయన సూచించాడు. అందుకే చిరకాలం దీనిని "స్టిల్ వ్యాధి" అన్నారు.

నేటి శాస్త్రీయ నామం "జువెనైల్ ఇడియోపథిక్ ఆర్థ్రయిటిస్", పొడి అక్షరాలలో జె.ఐ.ఎ. పదహారు సంవత్సరాలు నిండకముందే ఆరంభమై, కనీసం ఆరు వారాలపాటు నిలిచి, వేరే కారణం ఏదీ కనిపించని కీళ్ళ వ్యాధికి ఈ పేరు వర్తిస్తుంది. "ఇడియోపథిక్" అనగా కారణం తెలియనిది. వైద్యులు తమకు తెలియదన్న మాటను గ్రీకు భాషలో మర్యాదగా చెప్పుకొనే పద్ధతి అది! 2001లో కెనడా దేశంలోని ఎడ్మంటన్‌లో సవరించిన వర్గీకరణ ప్రకారం దీనిలో ఏడు రకాలున్నాయి. వాటిలో నాలుగింటిని గుర్తుంచుకొంటే మన ప్రయోజనానికి చాలు. మొదటి ఆరు నెలలలో నాలుగు లేదా అంతకు తక్కువ కీళ్ళకు పరిమితమయ్యేది కొద్దికీళ్ళ రకం. ఐదు లేదా అంతకు ఎక్కువ కీళ్ళను పట్టేది బహుకీళ్ళ రకం. రోజూ ఎగసిపడే జ్వరంతో, దద్దుర్లతో శరీరమంతటినీ కుదిపేది సర్వాంగ రకం. మడమలోను, మోకాలిచిప్ప అంచులలోను స్నాయువులు ఎముకకు అంటుకొనే చోట నొప్పి పుట్టించేది నాలుగవ రకం. ఇది పెద్ద పిల్లలలో, ముఖ్యంగా మగపిల్లలలో కనబడుతుంది. భారతదేశంలోని పలువురు వైద్యులు తమ రోగులలో ఈ నాలుగవ రకం హెచ్చుగా ఉన్నట్లు నివేదించారు. కాబట్టి ఉదయం మడమ నొప్పితో దిగలేక, మధ్యాహ్నానికి ఆడుకోగలిగే పదేళ్ళ బాబు విషయంలో "ఎదిగే వయస్సు" అన్న తీర్పు ఇవ్వడానికి మనం తొందరపడరాదు.

కాలేయం వంట మార్చినప్పుడు

ఎరుపు, వేడి, వాపు, నొప్పి అనే నాలుగు లక్షణాల కూడికను వైద్యశాస్త్రం "శోథ" అంటుంది. గాయమైనా, సూక్ష్మజీవి చొరబడినా, శరీరం తన రక్షకభటులైన తెల్లకణాలను అక్కడకు పంపుతుంది. వారి పోరాటమే శోథ. పోరు ముగియగానే భటులు వెనుదిరగాలి. జె.ఐ.ఎ. వంటి వ్యాధులలో శత్రువు లేకుండానే పోరు సాగుతుంది. భటులు కీళ్ళ లోపొరలో విడిది చేసి కదలరు.

ఈ భటులు ఒకరికొకరు వార్తలు పంపుకోవడానికి వాడే రసాయనాలకు సైటోకైన్లని పేరు. వాటిలో ఇంటర్‌ల్యూకిన్-6 అనేది రక్తంలో ప్రయాణించి కాలేయానికి చేరుతుంది. మామూలు రోజులలో కాలేయం ఆల్బుమిన్ వంటి నిత్యావసర ప్రోటీనులను వండుతూ ఉంటుంది. ఈ వార్త అందగానే, ఇంటికి హఠాత్తుగా బంధువులు దిగినప్పుడు గృహిణి వంట మార్చినట్లు, కాలేయం తన వంట మారుస్తుంది. ఆల్బుమిన్ తగ్గిస్తుంది, ఫైబ్రినోజెన్, సి-రియాక్టివ్ ప్రోటీను మొదలైనవి పెంచుతుంది. రక్తపరీక్షలో మనం కొలిచేది చాలావరకు ఈ మారిన వంటనే. కనుక ఒక్క విషయం మొదటే గ్రహించాలి: ఈ పరీక్షలు మంట ఉన్నదని చెబుతాయి, మంట ఎక్కడ, ఎందువలన అన్నది చెప్పవు. గొంతునొప్పి వచ్చినా, న్యుమోనియా వచ్చినా, మోకాలు వాచినా కాలేయానికి చేరే వార్త దాదాపు ఒకటే.

ఇ.ఎస్.ఆర్.: కాసుల దొంతర

నిలువు గొట్టంలో రక్తాన్ని గడ్డకట్టకుండా నిలిపితే, ఎర్రకణాలు నెమ్మదిగా అడుగుకు దిగుతాయి. ఒక గంటలో ఎన్ని మిల్లీమీటర్లు దిగినవో కొలవడమే ఇ.ఎస్.ఆర్. పోలండు దేశీయుడు ఎడ్మండ్ బియెర్నాట్స్కీ 1897లో దీని ఉపయోగాన్ని గుర్తించాడు. 1918లో స్వీడన్‌కు చెందిన రాబిన్ ఫోరేయస్ గర్భవతుల రక్తంలో ఎర్రకణాలు వేగంగా దిగుతున్నట్లు కనుగొన్నాడు. 1921లో ఆల్ఫ్ వెస్టర్‌గ్రెన్ క్షయరోగులపై ఈ పరీక్షను ప్రయోగించాడు. నేటికీ ఆయన పేరిట ఉన్న పద్ధతే ప్రమాణం.

ఎర్రకణాలు సహజంగా ఒకదానినొకటి దూరం నెట్టుకొంటాయి. ఫైబ్రినోజెన్ హెచ్చినప్పుడు ఆ వికర్షణ తగ్గి, కాసులు దొంతరగా పేర్చినట్లు కణాలు ఒకదానిమీదొకటి అతుక్కొంటాయి. దొంతర బరువు కనుక త్వరగా దిగుతుంది. ఇంత సులభమైన, ఇంత చౌకైన పరీక్ష మరొకటి లేదు. దీని లోపం మందకొడితనం. ఫైబ్రినోజెన్ రక్తంలో రోజుల తరబడి నిలుస్తుంది కనుక, మంట చల్లారిన తరువాత కూడా ఇ.ఎస్.ఆర్. వారాలపాటు హెచ్చుగానే ఉండవచ్చు. పైగా రక్తహీనత ఉన్నా ఇది పెరుగుతుంది. కవాసాకి వ్యాధిలో సిరద్వారా ఇమ్యునోగ్లోబులిన్ ఎక్కించినప్పుడు ఆ మందు వలననే పెరుగుతుంది. అటువంటి బిడ్డ కోలుకొంటున్నాడా లేదా అన్నది ఇ.ఎస్.ఆర్. చూసి నిర్ణయించరాదు.

సి.ఆర్.పి.: వేగుచుక్క

1930లో న్యూయార్కులోని రాక్‌ఫెలర్ సంస్థలో టిల్లెట్, ఫ్రాన్సిస్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు న్యుమోనియా రోగుల రక్తాన్ని పరిశీలిస్తూ, న్యుమోకాకస్ సూక్ష్మజీవిలోని "సి" అనే పదార్థంతో ప్రతిచర్య జరిపే ప్రోటీనును కనుగొన్నారు. పేరు అక్కడినుండి వచ్చినదే. మంట మొదలైన కొద్ది గంటలలోనే సి.ఆర్.పి. పెరగడం ఆరంభించి, సుమారు రెండు రోజులలో శిఖరానికి చేరుతుంది. మంట ఆరగానే 19 గంటలకొకసారి సగమవుతూ పడిపోతుంది. ఇ.ఎస్.ఆర్. నిన్నటి సంగతి చెబితే, సి.ఆర్.పి. ఈనాటి సంగతి చెబుతుంది. అందువలననే వైద్యులు రెండింటినీ జతగా అడుగుతారు.

ఇక్కడ దేశాంతరవాసులకు ఒక ముఖ్యమైన హెచ్చరిక. సి.ఆర్.పి.ని బ్రిటన్‌లోను, భారతదేశంలోను సాధారణంగా లీటరుకు ఇన్ని మిల్లీగ్రాములని రాస్తారు. అమెరికాలో అనేక ప్రయోగశాలలు డెసిలీటరుకు ఇన్ని మిల్లీగ్రాములని రాస్తాయి. రెండింటికీ మధ్య తేడా పదిరెట్లు. హైదరాబాదులో 12 అని వచ్చినదీ, చికాగోలో 1.2 అని వచ్చినదీ ఒకే ఫలితం. సెలవులకు వెళ్ళి అక్కడ పరీక్ష చేయించిన తల్లి "పదిరెట్లు పెరిగిపోయింది" అని హడలిపోవడమో, తిరిగి వచ్చాక "పదోవంతుకు దిగింది" అని సంబరపడడమో జరగకుండా ఉండాలంటే, అంకెతోపాటు ప్రక్కనున్న కొలమానాన్ని కూడా చదవాలి.

రక్తకణాల లెక్క

సంపూర్ణ రక్తకణ గణన అనే సాధారణ పరీక్షలో కూడా చాలా సమాచారం దాగి ఉంటుంది. దీర్ఘకాలపు మంట ఇనుమును శరీరపు కోశాగారంలో బంధిస్తుంది. ఇనుమున్నా ఎముక మజ్జకు అందదు. అందువలన హిమోగ్లోబిన్ తగ్గుతుంది. కోశాగారపు నిల్వను సూచించే ఫెరిటిన్ మాత్రం మంట వలన పెరుగుతుంది. కనుక మంట ఉన్న బిడ్డలో ఫెరిటిన్ మామూలుగా ఉన్నంత మాత్రాన ఇనుము లోపం లేదని చెప్పలేము.

మంట ఉన్నప్పుడు ప్లేట్‌లెట్లు కూడా పెరగడం రివాజు. ఇ.ఎస్.ఆర్. బాగా హెచ్చి ఉండి, ప్లేట్‌లెట్లు పెరగవలసినచోట తగ్గుముఖం పట్టి, బిడ్డ రాత్రివేళ ఎముకల నొప్పితో మేల్కొని ఏడుస్తూ ఉంటే, వైద్యుడు కీళ్ళవాతం సంగతి ప్రక్కనబెట్టి ముందుగా ల్యుకీమియా లేదని రూఢి చేసుకొంటాడు. ల్యుకీమియా కొన్నిసార్లు కీళ్ళనొప్పి వేషంలోనే వస్తుంది. స్టెరాయిడు మందు మొదలుపెడితే ఆ వేషం మరింత కుదురుతుంది. కారణం తేలకముందే స్టెరాయిడు ఇవ్వడానికి వైద్యుడు జంకితే, అది ఆలస్యం కాదు, జాగ్రత్త.

చిరునామాలు వేరు, ఉష్ణమాపకాలు వేరు

పరీక్షలలో రెండు జాతులున్నాయని తెలిస్తే సగం గందరగోళం తీరుతుంది. ఇ.ఎస్.ఆర్., సి.ఆర్.పి. వంటివి ఉష్ణమాపకాలు: మంట ఎంత ఉన్నదో చెబుతాయి, వ్యాధితోపాటు హెచ్చుతగ్గులవుతాయి. రెండవ జాతి చిరునామా వంటిది: వ్యాధి ఏ వీధికి చెందినదో చెబుతుంది, తరువాత పెద్దగా మారదు. దానిని నెలనెలా పరీక్షించడం, ఇంటి చిరునామా మారిందేమోనని ప్రతిరోజూ గుమ్మం పలక చదవడం వంటిది.

రుమటాయిడ్ ఫాక్టరు ఇటువంటి చిరునామా. జె.ఐ.ఎ. పిల్లలలో సుమారు నూటికి ఐదుగురిలోనే ఇది ఉంటుంది. కాబట్టి ఇది లేదన్నంత మాత్రాన కీళ్ళవాతం లేదని కాదు. హెచ్.ఎల్.ఎ.-బి27 పుట్టుకతో వచ్చే జన్యు చిహ్నం; జీవితంలో ఒక్కసారి చూస్తే చాలు. ఎ.ఎన్.ఎ. అనే ప్రతిదేహం ఆరోగ్యంగా ఉన్న పిల్లలలో కూడా కొందరికి కనబడుతుంది. కాని కొద్దికీళ్ళ రకం ఉన్న చిన్నపిల్లలో ఇది ఉన్నదంటే కంటికి ముప్పు ఎక్కువని అర్థం. దాని సంగతి ముందు చెబుతాను.

మన ప్రాంతంతో నేరుగా సంబంధమున్నది ఎ.ఎస్.ఓ. పరీక్ష. స్ట్రెప్టోకాకస్ అనే సూక్ష్మజీవి గొంతులో చేరితే, అటుపై కొందరు పిల్లలలో రుమాటిక్ జ్వరం వచ్చి గుండె కవాటాలను దెబ్బతీస్తుంది. భారతదేశంలో ఈ జబ్బు నేటికీ ఉన్నది కనుక అక్కడ కీళ్ళనొప్పి అనగానే ఎ.ఎస్.ఓ. చూడడం సహేతుకమే. అయితే ఆ పరీక్ష చెప్పేది "ఈ బిడ్డకు ఇటీవల స్ట్రెప్టోకాకస్ తగిలింది" అన్నంతవరకే. బడికి వెళ్ళే పిల్లలలో ఇది చాలామందికి తగులుతుంది. రుమాటిక్ జ్వరాన్ని నిర్ణయించడానికి 1944లో డకెట్ జోన్స్ ప్రతిపాదించి, 2015లో మరల సవరించిన లక్షణాల పట్టిక ఉన్నది, ఎ.ఎస్.ఓ. ఒక్కటే దానికి చాలదు. నిజంగా రుమాటిక్ జ్వరం వచ్చిన బిడ్డకు ఏళ్ళ తరబడి పెన్సిలిన్ సూదులు ప్రాణరక్షకాలు. ఆ అంకెను మాత్రమే చూసి జె.ఐ.ఎ. ఉన్న బిడ్డకు అవే సూదులు ఇస్తూ పోతే, కీలు లోలోపల అరిగిపోతూనే ఉంటుంది.

అంకె దిగినంత మాత్రాన

ఈ వ్యాసంలో ఒక్క భాగమే గుర్తుండేటట్లయితే, ఇది గుర్తుండాలని నా కోరిక. సర్వాంగ రకం ఉన్న ఒక బిడ్డను ఊహించండి. గత వారం ఇ.ఎస్.ఆర్. 110, ప్లేట్‌లెట్లు ఆరు లక్షలు. ఈ వారం ఇ.ఎస్.ఆర్. 25, ప్లేట్‌లెట్లు లక్షా డెబ్బయి వేలు. కాగితంపై హెచ్చరిక గుర్తులు మాయమైనాయి. కాని జ్వరం దిగలేదు. ఎగసి దిగే జ్వరం ఇప్పుడు దిగకుండా నిలిచింది. బిడ్డ మగతగా ఉన్నాడు. ఇది శుభవార్తా?

కాదు. ఇది ఆసుపత్రికి పరుగెత్తవలసిన ఘడియ కావచ్చు. "మాక్రోఫేజ్ ఏక్టివేషన్ సిండ్రోమ్" అనే ఉపద్రవంలో రక్షకకణాలు పూర్తిగా అదుపు తప్పి, స్వంత రక్తకణాలనే కబళిస్తాయి. ఫైబ్రినోజెన్ ఖర్చయిపోతుంది. కాసులను దొంతరపేర్చే పదార్థమే లేనప్పుడు ఇ.ఎస్.ఆర్. పడిపోక ఏమవుతుంది? మంట ఆరినందువలన కాదు, కట్టెలతోపాటు ఇల్లు కూడా అంటుకొన్నందువలన అంకె దిగింది. సర్వాంగ రకం పిల్లలలో సుమారు పదిమందికి ఒకరిలో ఈ ఉపద్రవం వస్తుంది. సకాలంలో గుర్తించకపోతే ప్రాణాంతకం.

దీనిని పట్టియిచ్చేది ఫెరిటిన్. 2016లో అంతర్జాతీయ నిపుణులు ప్రకటించిన ప్రమాణాల ప్రకారం, సర్వాంగ రకం ఉన్న లేదా ఉన్నదని అనుమానించిన, జ్వరంతో ఉన్న బిడ్డలో ఫెరిటిన్ మిల్లీలీటరుకు 684 నానోగ్రాములకు మించి, ఈ నాలుగింటిలో ఏ రెండైనా ఉంటే ఈ ఉపద్రవంగా పరిగణించాలి: ప్లేట్‌లెట్లు 1,81,000 లేదా అంతకు తక్కువ, ఎ.ఎస్.టి. అనే కాలేయపు ఎంజైము 48కి పైన. ట్రైగ్లిసరైడ్లు డెసిలీటరుకు 156 మిల్లీగ్రాములకు పైన. ఫైబ్రినోజెన్ 360 మిల్లీగ్రాములు లేదా అంతకు తక్కువ. తీవ్రదశలో ఫెరిటిన్ వేలు దాటి పదివేలకు చేరడం కూడా కద్దు.

ఈ అంకెలలోని విశేషం గమనించారా? 1,81,000 ప్లేట్‌లెట్లు ఆరోగ్యవంతునికి మామూలే. 360 ఫైబ్రినోజెన్ కూడా మామూలే. ప్రయోగశాల యంత్రం వాటి ప్రక్కన ఏ గుర్తూ పెట్టదు. ఆ బిడ్డకు నిన్నటివరకు ఎంత ఉండేదో తెలిసినవారికే అది పతనమని తెలుస్తుంది. కనుక ఒక్క కాగితం చూసి ఏమీ తేల్చరాదు. పాత కాగితాల వరుసలో పెట్టి చదవాలి.

లూపస్ అనే మరొక వ్యాధిలో ఈ లెక్క మరొక విధంగా తలక్రిందులవుతుంది. అక్కడ ఇ.ఎస్.ఆర్. పెరిగినా సి.ఆర్.పి. తరచుగా పెరగదు. సి3, సి4 అనే కాంప్లిమెంట్ ప్రోటీనులు వ్యాధి విజృంభించినప్పుడు ఖర్చయి తగ్గుతాయి. ఆ బిడ్డలో సి.ఆర్.పి. హఠాత్తుగా పెరిగితే, ఏదైనా సూక్ష్మజీవి సోకిందేమోనని వైద్యుడు ముందుగా వెదుకుతాడు.

నివురు క్రింద వెదకడం

కీళ్ళ వాపు పూర్తిగా తగ్గి, అంకెలన్నీ చక్కబడిన తరువాత ప్రతి తల్లీ అడిగే ప్రశ్న ఒకటే: "మందు ఎప్పుడు ఆపవచ్చు?" ఆ మందు చాలామంది పిల్లలలో మెథోట్రెక్సేట్. తెలుగువారు గర్వించదగిన సంగతి ఒకటి ఇక్కడ చెప్పుకోవాలి. 1895లో భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలలో నడిపించిన ఫోలిక్ ఆమ్ల పరిశోధనల ఫలమే ఈ ఔషధ కుటుంబం. మొదట పిల్లల ల్యుకీమియాకు వాడిన ఈ కుటుంబపు మందు, అల్పమోతాదులో వారానికొకసారి ఇస్తే పిల్లల కీళ్ళవాతానికి పనిచేస్తుందని 1992లో అమెరికా, రష్యా వైద్యులు కలసి జరిపిన అధ్యయనం నిరూపించింది.

దానిని ఎప్పుడు ఆపాలన్న ప్రశ్నపై 2010లో ఒక పెద్ద అధ్యయనం వెలువడింది. 29 దేశాలలోని 364 మంది పిల్లలలో, వ్యాధి అణగిన తరువాత కొందరికి ఆరు నెలలు, కొందరికి పన్నెండు నెలలు మందు కొనసాగించి ఆపారు. రెండు పక్షాలలోను సగానికి పైగా పిల్లలకు రెండేళ్ళలోగా వ్యాధి తిరగబెట్టింది. ఆరు నెలలు అదనంగా వాడినందువలన తేడా కనిపించలేదు. అయితే ఎస్100 కుటుంబానికి చెందిన ఎం.ఆర్.పి.8/14 అనే ప్రోటీను, అనగా కాల్‌ప్రొటెక్టిన్, తిరగబెట్టిన పిల్లలలో వ్యాధి అణగి ఉన్న కాలంలోనే హెచ్చుగా ఉన్నట్లు తేలింది. ఇది కాలేయం వండేది కాదు. మంటలో పాల్గొనే తెల్లకణాలే విడుదల చేసేది. నివురు గప్పిన నిప్పును పసికట్టే సాధనం దొరికిందన్న ఆశ అప్పుడు కలిగింది. తరువాతి అధ్యయనాలన్నీ ఏకకంఠంతో సమర్థించకపోవడం వలన, దీని ఒక్కదాని ఆధారంగా మందు ఆపడమో కొనసాగించడమో చేయడం లేదు. సర్వాంగ రకంలో ఇంటర్‌ల్యూకిన్-18 కూడా ఇటువంటి ఆశలు రేపుతున్న సూచికే.

తల్లి మాటకు కూడా మార్కులు

వ్యాధి తీవ్రతను ఒకే అంకెగా చెప్పడానికి 2009లో "జడాస్" అనే కొలమానం వచ్చింది. దీనిలో నాలుగు భాగాలు: వైద్యుని అంచనా 0 నుండి 10, తల్లిదండ్రుల లేదా బిడ్డ అంచనా 0 నుండి 10, వ్యాధి చురుకుగా ఉన్న కీళ్ళ సంఖ్య, ఇ.ఎస్.ఆర్. నుండి 20 తీసివేసి 10తో భాగించగా వచ్చేది. ఇ.ఎస్.ఆర్. 20 లేదా అంతకు తక్కువైతే సున్న. ఎంత పెరిగినా పదికి మించనివ్వరు.

ఉదాహరణకు వైద్యుడు 3, తల్లి 4 ఇచ్చారు, వాచిన కీళ్ళు 2, ఇ.ఎస్.ఆర్. 50. అప్పుడు 50 నుండి 20 పోగా 30, దానిని 10తో భాగిస్తే 3. మొత్తం 3+4+2+3=12. మూడు నెలల తరువాత వైద్యుడు 1, తల్లి 1, కీళ్ళు 0, ఇ.ఎస్.ఆర్. 24 అయితే మొత్తం 1+1+0+0.4=2.4. బిడ్డ బాగుపడుతున్నట్లు లెక్క. రక్తపరీక్షకు ఎంత విలువో, ఉదయం బిడ్డ ఎట్లా లేచాడో చూసిన తల్లి మాటకూ అంతే విలువ ఇచ్చారని గమనించగలరు. "డాక్టరుగారికి తెలియదా, మనమేం చెబుతాం" అన్న మొగమాటం మన కుటుంబాలలో ఎక్కువ. ఈ జబ్బులో ఆ మొగమాటం వలన కొలతే తప్పిపోతుంది.

రక్తానికి కనబడనివి

కొద్దికీళ్ళ రకం ఉన్న చాలామంది పిల్లలలో ఇ.ఎస్.ఆర్., సి.ఆర్.పి. మామూలుగానే ఉంటాయి. ఒక్క మోకాలిలోని మంట కాలేయం దాకా వార్త పంపేంత పెద్దది కాకపోవచ్చు. వాపు కంటికి కనబడుతుండగా కాగితం బాగుందని ఊరుకోరాదు.

ఇంతకంటె ప్రమాదకరమైనది యువియైటిస్, అనగా కంటి లోపలి పొరల శోథ. ఈ పిల్లలలో కన్ను ఎర్రబడదు, నొప్పి ఉండదు, బిడ్డ ఫిర్యాదు చేయడు; చూపు మాత్రం లోలోపల హరించిపోతుంది. ఏ రక్తపరీక్షా దీనిని పట్టుకోలేదు. నేత్రవైద్యుడు స్లిట్‌లాంప్ అనే పరికరంతో చూసినప్పుడే తెలుస్తుంది. ఏడేళ్ళలోపు వయస్సులో జె.ఐ.ఎ. ఆరంభమై ఎ.ఎన్.ఎ. ఉన్న పిల్లలకు మొదటి నాలుగేళ్ళు మూడు నెలలకొకసారి ఈ పరీక్ష జరగాలని 2019లో అమెరికా నిపుణులు సిఫారసు చేశారు. ఊరు మారినా, బడి సెలవులైనా, కీళ్ళు బాగున్నా ఈ పరీక్ష తప్పరాదు.

టోసిలిజుమాబ్ వంటి మందు వాడుతున్నవారికి మరొక సంగతి. ఆ మందు ఇంటర్‌ల్యూకిన్-6 పనినే అడ్డుకొంటుంది. వార్తే అందని కాలేయం వంట మార్చదు. అప్పుడు నిజంగా న్యుమోనియా వచ్చినా సి.ఆర్.పి. పెరగకపోవచ్చు, జ్వరం కూడా అంతగా రాకపోవచ్చు. ఆ బిడ్డ నీరసపడితే అంకె కోసం వేచి ఉండక వైద్యునికి తెలపాలి.

కుటుంబాలకు కొన్ని సూచనలు

ఒక నోటుపుస్తకం పెట్టి ప్రతి పరీక్ష తేదీ, అంకె, కొలమానం వరుసగా వ్రాయండి. ఉదయం బిగుతు ఎన్ని నిమిషాలు ఉన్నదో ప్రక్కనే వ్రాయండి. వీలైనంతవరకు ఒకే ప్రయోగశాలలో పరీక్షలు చేయించండి. పరీక్షకు ముందు వారంలో జలుబు, గొంతునొప్పి, టీకా ఉంటే గుర్తుచేయండి. గోడమీద పెన్సిలుతో బిడ్డ ఎత్తు గీయడం మన ఇళ్ళలో ఉన్న ముచ్చటే. దీర్ఘకాలపు మంట ఎదుగుదలను కుంటుపరుస్తుంది కనుక ఆ గీత కూడా ఒక సూచికే. మన పిల్లల చామనచాయ శరీరంపై సర్వాంగ రకపు లేత దద్దుర్లు సులభంగా కనబడవు. జ్వరం ఎగసిన వేళ మంచి వెలుతురులో ఫోటో తీసి వైద్యునికి చూపించండి.

భారతదేశం వెళ్ళివచ్చిన సంగతి, అక్కడ క్షయ ఉన్నవారితో మెలగిన సంగతి తప్పక చెప్పండి. టి.ఎన్.ఎఫ్.ను అణచే మందులు ఇవ్వడానికి ముందు క్షయ పరీక్ష అవసరం. ఊరినుండి తెచ్చిన చూర్ణాలు, కషాయాలు వాడుతుంటే దాచవద్దు. కాలేయపు పరీక్షలో తేడా వచ్చినప్పుడు మెథోట్రెక్సేట్‌ను నిందించాలో, మరొకదానినో తెలియక వైద్యుడు చిక్కులో పడతాడు.

స్టిల్ కాలంలో ఈ పిల్లలకు చేయగలిగినది స్వల్పం. నేడు మంచి మందులున్నాయి, వాటిని నడిపించే కొలతలున్నాయి. అనేకమంది పిల్లలు పరుగెత్తుతున్నారు, కూచిపూడి నేర్చుకొంటున్నారు. ఆ కొలతలను నమ్మవలసినచోట నమ్మి, శంకించవలసినచోట శంకించడం తల్లిదండ్రులకు కూడా తెలియాలి. కాగితం "అంతా మామూలే" అన్న ఉదయం బిడ్డ మెట్లు దిగడానికి గోడ పట్టుకొంటే, ముందుగా నమ్మవలసినది బిడ్డను.